డైరీ మీద సంతకాలు

శుక్రవారం దోహాలో సెలవు. ఆ రోజు సాయంత్రం బడి బస్సు దిగిన కూతురిని కాళ్ళు కడుక్కోనిచ్చే పాటి ఓపిక కూడా వసంతకు ఉండదు. టై కూడా విప్పకుండా గోడ దగ్గర నిలబెట్టి, చేతిలో ఇంగ్లీషు పుస్తకం పెట్టి, ఫోన్ ఎదురుగా పట్టుకుంటుంది. అవతల భర్త మధుకర్, అతని గదిలో ఉండే మరో ఏడుగురు ఇనుప మంచాల మీద కూర్చొని వింటారు. నాలుగో తరగతి పిల్ల గడగడా ఇంగ్లీషు చదివేస్తుంటే చప్పట్లు కొడతారు. మధుకర్ ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగు చూడటానికే వసంత వారమంతా బీడీల చాట ముందు నడుం వంచుతుంది.

మధుకర్ దోహా పోయి నాలుగేళ్ళు. పోవడానికి వంద కారణాలున్నాయి. బోరు ఎండింది, తాటిచెట్లలో కల్లు తగ్గింది, తండ్రి బుచ్చన్నకు చెట్టెక్కే శక్తి పోయింది. అక్కడే ఉండిపోవడానికి మాత్రం కారణం ఒక్కటే, కూతురు సృజన చదువు. కోరుట్లలోని రిత్విక్ గ్రామర్ స్కూలుకు మేడిపల్లి నుంచి రోజూ పచ్చ బస్సులో పోయి వస్తుంది. ఇక ఐదు వారాల్లో గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష. జగిత్యాలలో రాయాలి. సీటు వస్తే చదువూ తిండీ సర్కారే చూసుకుంటుంది, మధుకర్ ఇంటికి వచ్చేస్తాడు. రాకపోతే మరో రెండేళ్ళు ఆ ఎండలోనే. మొగుడు ఇంటికి రావడమనేది పిల్ల పరీక్ష మీద ఆధారపడి ఉందంటే వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఆ ఊళ్ళో ఎవరికీ అది విడ్డూరం కాదు.

ఆ శుక్రవారం కూడా సృజన చదివింది, వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఫోన్ పెట్టేశారు. గడపలో కూర్చొని చుట్ట వెలిగిస్తున్న బుచ్చన్న అప్పుడు నోరు విప్పాడు.

"వసంతా, పోరి ఫిష్షు ఫిష్షు అని చదువవట్టె. పుస్తకంల ఏనుగు బొమ్మున్నదేందే?"

బుచ్చన్నకు అక్షరం ముక్క రాదు. ఫిష్ అంటే చేప అని మాత్రం తెలుసు, కల్లు దుకాణం పక్కన ఫిష్ ఫ్రై బండి పెట్టినప్పటి నుంచి. ఈయనకు అన్నిట్లో వేలు పెట్టకపోతే తోచదు అనుకుంటూ వసంత పుస్తకం అందుకుంది. నిజమే, ఏనుగు. పేజీలు తిప్పి ఒంటె బొమ్మ ఉన్న పాఠం ముందు పెట్టింది.

"చదువు."

సృజన చదివింది. చేప ఈదింది, చేప మునిగింది, చేప తేలింది. వసంత పుస్తకం మూసేసింది. చేప ఇంకా ఈదుతూనే ఉంది. చివరికి "ది ఎండ్" అని కూడా అంది పిల్ల, చేతులు కట్టుకొని.

అప్పుడు వసంత పుస్తకం తెరిచి ఒక్క మాట మీద వేలు పెట్టింది. పిల్ల ఆ మాటను చూడలేదు, తల్లి ముఖం చూసింది. ఏం చెబితే తల్లి సంతోషిస్తుందో వెతుకుతున్నట్టు చూసింది. వసంత తెలుగు పుస్తకం తీయించింది. ఇంట్లో మాట్లాడేదే తెలుగు, దానికి మళ్ళీ చదువేంటని ఆ పుస్తకాన్ని వసంత ఇన్నేళ్ళలో ముట్టుకోలేదు. అక్కడా అంతే. అక్షరాలు విడివిడిగా కొన్ని వచ్చు. రెండు కలిపితే చాలు, నోరు పెగలదు.

వసంతకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ముందు పిల్ల వీపు మీద ఒకటి వేసింది. తరువాత మామ మీద అరిచింది, ఇన్నాళ్ళూ ఆ బొమ్మ ఎందుకు చూడలేదని. బుచ్చన్న చుట్ట తీసి, "నేను జూసేదాకా మీరెవ్వరు జూడలేదా మరి" అన్నాడు.

తెల్లవారి శనివారం. సృజనను బడి బస్సెక్కించి, తాను ఆర్టీసీ బస్సులో వెనకాలే కోరుట్ల పోయింది. దారి పొడుగునా అడగాల్సిన మాటలన్నీ పేర్చుకుంది.

ఆ బడి నర్సింగ్ రావుది. ఒకప్పుడు ఊరి దొర అయిన ఆయన తాత గడీకి బుచ్చన్న తండ్రి రోజూ కల్లు మోసేవాడు. ఇప్పుడు గడీ లేదు, బడి ఉంది. దాన్ని ఆయన భార్య ప్రమీల నడిపిస్తుంది. కొడుకు పేరు పెట్టుకున్న బడే గానీ, ఆ కొడుకు రిత్విక్ చదివేది హైదరాబాదులో. ఈ సంగతి వసంతకు ముందు నుంచీ తెలుసు. తెలిసినా ఎన్నడూ దాని గురించి ఆలోచించలేదు.

"మేడం, మా పిల్లకు చదువు అస్తలేదు" అంది వసంత, పేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి.

"అవును, రాదు" అంది ప్రమీల తాపీగా. "మేం చెప్తనే ఉన్నం గదా."

"ఎప్పుడు చెప్పిండ్రు?"

ప్రమీల గంట కొట్టి ఆయాను పంపి, క్లాసులోంచి సృజన డైరీ తెప్పించింది. ఒక్కొక్క పేజీ తిప్పి చూపించింది. ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో ప్రతి పేజీలో ఒకటే వాక్యం. చైల్డ్ నాట్ రీడింగ్, పేరెంట్స్ కైండ్లీ టేక్ కేర్. జూన్ నుంచి ఇప్పటి దాకా పద్నాలుగు సార్లు. దాని కింద పద్నాలుగు సార్లు, తలకట్లూ సున్నా ఒక్కటీ తప్పకుండా, వసంత సంతకం.

"మీ పిల్ల చదువుతలేదు, ఇంట్ల చూసుకోండి అని రాసినం. చూసుకున్నమని నువ్వు సంతకం పెట్టినవు."

ఆ ఎర్ర రాత వసంతకు బాగా గుర్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఇదేందని సృజననే అడిగింది. "మంచిగ చదువుతున్ననని రాసింది మేడం" అంది పిల్ల. పాపం అబద్ధమాడాలని కాదు, దానికి చదవడం వస్తేగా. ఎర్ర సిరాతో, అంత అందంగా, అదీ ఇంగ్లీషులో రాశారంటే మెచ్చుకోలు కాక ఇంకేమవుతుందని తల్లి అనుకుంది. ఒక పేజీని ఫోటో తీసి, తనలాగే ఇంగ్లీషు రాని మధుకర్‌కు కూడా పంపింది.

"ఇంట్ల కల్చర్ ఉండాలె వసంతా" అంది ప్రమీల. తిడుతున్నట్టు లేదు, జాలి పడుతున్నట్టు ఉంది, అదే ఇంకా కాల్చింది. "మీ మామ కల్లు, నువ్వు బీడీలు, మీ ఆయన దేశం మీద. పిల్లకు చదువు వాతావరణం ఏడికెళ్ళి వస్తది? మా రిత్విక్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇంట్లనే ఉంటది గదా."

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత వసంత నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి వేరే మాట అడిగింది.

"క్లాసుల ఎంతమంది మేడం?"

"ముప్పై నలుగురు."

"గిట్ల ఎర్రగ ఎంతమందికి రాసిండ్రు?"

ప్రమీల టీచరును పిలిపించింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, స్పందన, ఇదే కోరుట్ల పిల్ల. వేళ్ళ మీద లెక్క చూసుకొని, "ముప్పై ఒక్కరికి మేడం" అంది.

"ఇద్దరికో ముగ్గురికో రాకపోతే ఇంటి తప్పు అనుకుందాం" అంది వసంత. "ముప్పై ఒక్కరికి రాకపోతే ఎవ్వరి తప్పు మేడం?"

దెబ్బ తగిలిందనే అనుకుంది. ప్రమీల నిట్టూర్చింది. "గదే నేను చెప్పేది. ఊళ్ళకు ఊళ్ళే గట్లున్నయి."

ఇంతటి మనిషితో ఏం వాదిస్తాం? గోడకు తల కొట్టుకుంటే కనీసం సున్నమైనా రాలుతుంది.

"సరే మేడం. గదే ముక్క తెలుగుల రాస్తే జూన్లనే చదువుకుందును గదా. నేను ఏడో తరగతి దాకా చదివిన. మా తల్లిగారూరు తంగళ్ళపల్లి బడిల తెలుగుల నేనే ఫస్టు." అది నిజం. మగ్గాల పని పడిపోయి తండ్రి పని కోసం మహారాష్ట్రలోని భివండి బాట పట్టకపోతే పదో తరగతి కూడా అయ్యేది. "తెలుగుల ఎందుకు రాయలేదు?"

ప్రమీల లేచి బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. అందులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వే వద్దన్నవు."

అది వసంత దస్తూరీయే. మూడేళ్ళ కిందటిది. గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడం గారికి, మేడిపల్లి బస్సు పిల్లల తల్లులు వ్రాయునది. డైరీలో తెలుగులో వ్రాస్తున్నారు. తెలుగులో వ్రాసేదానికైతే మా ఊళ్ళో సర్కారు బడి ఉన్నది. మాకు పరువు తక్కువగా ఉన్నది. కావున ఇక మీదట అంతా ఇంగ్లీషులోనే వ్రాయవలెనని కోరుచున్నాము. కింద పదకొండు మంది పేర్లు. సంతకం రాని కిష్టవ్వ వేలిముద్ర కూడా ఉంది. ఆ రోజు అందరిలోకీ చక్కగా రాయగలిగేది తానే కాబట్టి, రాసే పని తనకు అప్పగించారు. ఎంత గర్వంగా రాసిందో కూడా ఆమెకు గుర్తొచ్చింది.

కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. తప్పు తనదని ఒప్పుకోవాలని లేదు. తల్లులు అడిగారు సరే, ఊళ్ళో సగం మంది చదవలేని భాషలో ముప్పై ఒక్క మంది చదువు పోతోందని రాసి, సంతకాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఏం పెద్దరికం? ఒక్క కబురు పంపితే కాదా? బస్సు డ్రైవర్ గంగారాంకు చెబితే ఇంటింటికీ అరిచి చెప్పేవాడు కదా?

బయటికి వస్తూ వరండాలో స్పందనను ఆపింది. ఈ పిల్ల చిన్నది, మెత్తది, వింటుందనిపించింది.

"చెల్లే, వాళ్ళ సంగతి ఎట్లన్న కానీ. నా ఒక్క బిడ్డకు తెలుగుల రాసి పంపు. ఏ పాఠం అస్తలేదో, ఏ అక్షరం అస్తలేదో. ఇంట్ల నేను చెప్పుకుంట. ఐదు వారాలే ఉన్నది."

స్పందన తల వంచుకుంది.

"అక్కా, నాకు తెలుగు రాయరాదు."

"ఏంది?"

"నేను ఈ బడిలనే చదివిన. ఫస్ట్ బ్యాచ్. తెలుగుల మాట్లాడితే ఫైనుండె. అక్షరాలు గుర్తు పడ్త గని, రాయాలంటే రాదు."

"మరి ఇంగ్లీషు గంత మంచిగ రాస్తివి గదా."

స్పందన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ప్రమీల మేడం నాలుగు వాక్యాలు రాసిచ్చింది అక్కా. చదివేటోళ్ళకు ఒకటి, చదవనోళ్ళకు ఒకటి, అల్లరి చేసేటోళ్ళకు ఒకటి, ఫీజు కట్టనోళ్ళకు ఒకటి. అండ్లకెళ్ళి చూసి దింపుత."

ఆ పిల్ల మీద వసంత కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. పుస్తకం మూసినా చేపను ఈదిస్తూ పోయిన సృజన, పన్నెండేళ్ళ తరువాత చీర కట్టుకొని ఎదురుగా నిలబడ్డట్టుంది. దీని తల్లి కూడా ఎక్కడో బీడీలు చుట్టే ఉంటుంది, దీని తండ్రి కూడా ఏదో దేశంలో చప్పట్లు కొట్టే ఉంటాడు.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. శుక్రవారం దాకా ఆగబుద్ధి కాలేదు. మధుకర్ పనిలో ఉంటాడని తెలిసినా ఫోన్ చేసింది. అతను తల మీద హెల్మెట్‌తోనే ఎత్తాడు, ఎవరైనా చచ్చిపోయారేమోనని భయపడుతూ. ఉన్నదున్నట్టు చెప్పింది. చేప సంగతి, డైరీ సంగతి, తాను రాసిన కాగితం సంగతి, స్పందన సంగతి. ఏదీ దాచలేదు.

అతని వెనకాల ఏదో యంత్రం మోగుతోంది.

"మరి నాలుగేండ్లు నేనీడ ఏం చేసినట్టు?" అన్నాడు.

"నువ్వు పైసలు పంపినవు. నేను సంతకాలు పెట్టిన. టీచరు రాసింది, మేడం ఫైలు పెట్టింది. ఎవ్వరి పని వాళ్ళం మంచిగనే చేసినం."

"మరి పిల్లకు చదువు చెప్పుడు ఎవ్వరి పని?"

"గది ఎవ్వరికీ ఒప్పజెప్పలే."

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. మధుకర్‌కు అర్థమైందనుకుంది వసంత. వచ్చేస్తానంటాడేమో, ఇద్దరం కూర్చొని ఏదో ఒకటి చేసుకుందామంటాడేమో అని ఎదురుచూసింది.

"మా రూములో బాలరాజు చెప్పిండు" అన్నాడు చివరికి. "జగిత్యాలల ఇంకా పెద్ద ఇంగ్లీషు బడి పడ్డదట. ఏసీ బస్సట. ఫీజు ఎక్కువైనా పర్వాలేదు. ఇంకో రెండేండ్లు ఉంట, అండ్ల చేర్పియ్యి."

వసంతకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టింది. అతన్ని, అతని బాలరాజును, ఏసీ బస్సును, తనను తాను, గడపలో ఉన్న పాపానికి బుచ్చన్నను కూడా కలిపి తిట్టి ఫోన్ పెట్టేసింది. తరువాత బీడీల చాట పక్కకు నెట్టి, బడి నుంచి వచ్చిన సృజనను ఎదురుగా కూర్చోబెట్టి, బలపం చేతికిచ్చింది.

"బాపు అస్తుండా అమ్మా?" అని అడిగింది పిల్ల.

"రాడు" అంది వసంత. "అ రాయి."