లక్ష్ముడి పేరున మందు

మా అనంతపద్మనాభం మావయ్య తర్కశాస్త్రంలో దిట్ట. బొబ్బిలిలో తనతో వాదించి నెగ్గినవాడు లేడని ఆయనే చెప్పుకునేవాడు. అంత తర్కమూ క్షయరోగం దగ్గర తుస్సుమంది.

పంతొమ్మిదివందల అరవై ఏడులో ఆయనకి దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. ఆసుపత్రిలో మాత్రలు ఊరికే ఇస్తున్నారు. ఏడాదిన్నర మానకుండా మింగితే చాలు. కాని మావయ్య ఆ వరండాలో నలుగురితో నిలబడతాడా? క్షయ చీటీ మీద తన పేరెక్కితే రేపు సభలకి పిలిచేదెవరు? అందుకని తన కళ్లెని డబ్బాలో పెట్టి, అది నీదేనని చెప్పమని పాలేరు లక్ష్ముడి చేత పంపాడు. అందులో క్షయ పురుగులు కనబడ్డాయి. చీటీ లక్ష్ముడి పేరున రాశారు. నెలనెలా వాడు మాత్రలు తేవడం, ఈయన తలుపేసుకుని మింగడం.

కబురు ఊరంతా పాకింది. టీ కొట్టువాడు లక్ష్ముడికి గ్లాసు వేరు చేశాడు. నాట్లకి ఎవరూ పిలవలేదు. పెళ్లాం కూర్మమ్మని పుట్టింటివాళ్లు తీసుకుపోయారు. ఇవన్నీ ఒక ఎత్తు, మావయ్య ఒక ఎత్తు. రోగమంటున్నారు కదా, కాస్త దూరంగా నిలబడరా అని నా ఎదుటే వాడితో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

జ్ఞానాంబ అత్తయ్య లోపల్నించి విని ఊరుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ మొగుడికి ఎదురు చెప్పింది లేదు. ఇక పేరు పలకడమా? పూజలో పద్మనాభుడి పేరొచ్చినా గొంతు తగ్గించేది.

ఆరో నెలలో ఆసుపత్రివాళ్లు లక్ష్ముణ్ణి అక్కడికక్కడే ఉమ్మమన్నారు. ఉమ్మాడు. పురుగుల్లేవు. ఉండవు మరి. ఆ మాట కాగితం మీద రాసి, మాత్రలు మాత్రం ఆపొద్దని చెప్పి పంపారు. మావయ్య కాగితం రెండుసార్లు చదివి, తనకి నయమైపోయిందని తేల్చాడు. మాత్రలు పెరట్లో పారబోశాడు. ఉమ్మింది వాడు, నయమైంది ఈయనకి! ఆ ముక్కే నేనంటే, నీకు శాస్త్రం తెలీదన్నాడు.

మూడు నెలలు తిరక్కుండా పైపంచె నిండా నెత్తురు కక్కుకున్నాడు. అప్పుడూ మూలుగుతూ లక్ష్ముణ్ణే ఆసుపత్రికి పంపమన్నాడు.

లక్ష్ముడు గుమ్మం బయటే నిలబడ్డాడు. “నానెల్లను బాబూ. నా పేరు నాకిచ్చీండి,” అన్నాడు.

అత్తయ్య రిక్షా పిలిపించింది. మావయ్యని ఎక్కించి, లక్ష్ముణ్ణీ నన్నూ వెంట రమ్మంది. ఆసుపత్రి వరండా జనంతో నిండి ఉంది. కాంపౌండరు రోగి పేరడిగాడు. మావయ్య నెత్తిన పంచె కప్పుకుని, నేలకేసి చూస్తూ లక్ష్ముడు అని గొణిగాడు. చావు ముంచుకొస్తున్నా అదే అబద్ధం. అంత నీచం నేను మళ్లీ చూడలేదు.

“అనంతపద్మనాభం,” అంది అత్తయ్య, వరండా అంతా వినబడేట్టు. “నా మొగుడు. క్షయ ఈయనది. లక్ష్ముడికి ఏ జబ్బూ లేదు, రాసుకోండి.”

కూర్మమ్మ ఆ వారంలోనే తిరిగొచ్చింది. మావయ్యకి మళ్లీ మొదటినుంచి ఏడాదిన్నర మందు. రోజూ పొద్దున్నే అత్తయ్య ఆయన్ని పేరుపెట్టి పిలిచి, వీధరుగు మీద కూర్చోబెట్టి, లక్ష్ముడి ఎదుటే మాత్ర మింగించేది.