మూడో తీగ

మా ఆస్పత్రి సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు తీగలు. మామూలుగా రెండూ బరువు పంచుకుంటాయి. ఒకటి తెగితే రెండోది మొత్తం మోస్తుంది. పై అంతస్తు ఐసీయూలో ఎనిమిది మంచాల గుండె వేగం నర్సుల తెరకు చేరేది వీటి మీదుగానే. రెండూ పోతే అలారం కూడా మోగదు.

ఆ జోడీ కట్టింది మా బాబాయి. నాకు ఈ పని నేర్పిందీ ఆయనే. "నమ్మకాలొద్దే, లాగి చూడు," అనేవాడు. ప్రతి సోమవారం ఒక తీగ లాగాలి, పది లెక్కపెట్టాలి, క్లిక్‌మనేదాకా నొక్కాలి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోవాలి. చాదస్తం అని నవ్వుకునేదాన్ని.

ఆ సోమవారం పొద్దున మూడో మంచం మీద ఉన్నది బాబాయే. గండం గడిచినట్టే, రేపు వార్డుకి మారుస్తామన్నాడు డాక్టరు. త్వరగా ముగించుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాలని నా తొందర.

మొదటి తీగ లాగాను, పెట్టాను. రెండోది లాగాను. సర్వర్ తెర మీద ఎనిమిది మంచాల అంకెలూ కదులుతూనే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని కిందికి చూస్తే, మొదటి తీగ ఊడి వేలాడుతోంది. రెండోది నా చేతిలో ఉంది.

కార్డుల జాబితా తెరిచాను. మొదటిది: పనిలో లేదు. రెండోది: పనిలో లేదు. మూడోది: పనిలో ఉంది.

ఆ సర్వర్‌కి మూడో కార్డే లేదు. వెనక్కి వంగి, వేలితో తడిమి మరీ చూశాను.

ఫోన్ మోగింది. ఐసీయూ నర్సు.

"అక్కా, మీ బాబాయిగారి గుండె నూట అరవై కొడుతోంది. బస్తా మోస్తున్నట్టు రొప్పుతున్నారు. కళ్ళు తెరవట్లేదు గానీ అంకెలు లెక్కపెడుతున్నారు!"

"ఎందాకా?"

"తొమ్మిది దగ్గరే ఆగిపోయారు. తొమ్మిది, తొమ్మిది అంటున్నారంతే."

"అయ్యో, నేనే బాబాయ్, నేనే," అంటూ చేతిలో ఉన్న తీగ గట్టిగా నొక్కాను. క్లిక్‌మంది.

నూట అరవై కాస్తా నూట పది అయింది. తొంభై. డెబ్బై. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. యాభై. నలభై.

"ఇక చాలు బాబాయ్, ఆగు," అన్నాను తెరతో.

"పది అన్నారక్కా," అంది నర్సు. అంతలోనే అలారం మోగింది.

ఆ పూట ఏ మంచం లెక్కా ఒక్క క్షణం కూడా తప్పలేదని రికార్డులో ఉంది. మొదటి తీగ పెట్టినప్పుడు నేను క్లిక్ వినలేదని మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పటికీ సోమవారం సోమవారం జాబితా తెరుస్తాను. మూడోది: సిద్ధంగా ఉంది. లేని కార్డు జాబితాలో ఎందుకు, తీసేయమంటున్నారు పైవాళ్ళు. నాకు చేతులు రావడం లేదు.