మైకు శౌరయ్య గొంతు

మిరియాలు వేసి కాచిన ఉప్పునీళ్ళు పుక్కిట పట్టి, తల వెనక్కి వాల్చి, శౌరయ్య గరగరమని పుక్కిలించాడు. పటమటలో ఆ సందు వాళ్ళందరికీ పాలవాడి హారన్ కంటే ముందు వినబడే చప్పుడు అది. కాలవలో ఉమ్మేసి, తువ్వాలుతో మీసం తుడుచుకుని, ‘ఆఁ... ఆఁ...’ అని గొంతు సవరించుకున్నాడు. పొట్టి మనిషి, మెడ మాత్రం దిట్టం. రంగేసిన మీసం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో పటికబెల్లం పొట్లం. ఐస్‌క్రీం రుచి ఎలా ఉంటుందో ఎరగడు. సొంత కూతురి పెళ్ళిలో కూడా ముట్టుకోలేదు. రాత్రిపూట పెరుగు తినడు, ఎవరైనా సిగరెట్టు ముట్టిస్తే లేచి అవతలికి పోతాడు. ఇంటిల్లిపాదికీ ఇంతకాలం అన్నం పెట్టింది ఆ గొంతే మరి.

ఆటో మీద మైకు బూరలు కట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి దాకా తిరిగేవాడు. చెప్పుల కొట్టు తగ్గింపు ధరలూ, కరెంటు కోతలూ, తప్పిపోయిన పిల్లలూ, గుడి పండగలూ, అన్నీ ఆయన నోటి మీదుగానే ఊళ్ళలోకి వెళ్ళేవి. చావు కబురైతే మాత్రం పద్ధతి వేరు. ముందు ఆ ఇంటికి వెళ్ళాలి. పోయిన మనిషి ముఖం చూడాలి. ఆ గుమ్మంలో నిలబడి వాళ్ళిచ్చిన మంచినీళ్ళు ఓ గుక్కెడు తాగాలి. “ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళమ్మా?” అని అడగాలి. అప్పుడు గానీ మైకు పట్టుకునేవాడు కాదు. జ్ఞానస్నానం నాడు పెట్టిన పేరు ఫాదర్ గారి రికార్డులో ఉంటే ఉండనీ, ఊరికి కావలసింది ఊరు పిలిచిన పేరు. వాళ్ళ నాన్న దండోరా వేసేటప్పటినుంచీ అదే పద్ధతి.

మైకు తీగ చుట్ట విప్పుతుండగా సందు చివరినుంచి వినబడింది. “రండమ్మా రండి! దూది పరుపులు, స్ప్రింగు పరుపులు, ఆలసించిన ఆశాభంగం!” శౌరయ్య చేతిలోని తీగ అలాగే ఉండిపోయింది. అది తన గొంతు. తను ఎక్కడ విరిచి ఎక్కడ సాగదీస్తాడో అంతా ఉంది. పరుపుల బండివాడు మాత్రం నోరు మూసుకుని, ఫోను చూసుకుంటూ, తాపీగా పోతున్నాడు.

“మళ్ళీ నువ్వే,” అంది సిసీలమ్మ వంటింట్లోంచి.

“నేను కాదే!” అని అరిచాడు శౌరయ్య. పెళ్ళాం మీద అరవాల్సిన అవసరం ఏముంది పాపం? కానీ ఎవరి మీద అరవాలో తెలియక ఏడాదిగా ఇంట్లోనే అరుస్తున్నాడు.

ఏడాది కింద లక్ష్మీకాంత్ అనే కుర్రాడు మెళ్ళో కార్డు వేసుకుని వచ్చాడు. “మీలాంటి గొంతు మళ్ళీ పుట్టదు సార్, దాన్ని భద్రపరచాలి” అన్నాడు. ఆ మాటకి శౌరయ్య పొంగిపోయాడు. పొంగడా మరి? గొంతు బావుందని అనేవాళ్ళే గానీ భద్రపరచాలని అన్నవాడు అంతవరకూ లేడు. గోడలకి మెత్తలు అతికించిన గదిలో కూచోబెట్టి, కథలూ, ధరలూ, అంకెలూ, ఊరి పేర్లూ చదివించారు. చేతిలో కాస్త డబ్బు పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీశారు. ఫోన్లో ఏదో చూపించి ఇక్కడ నొక్కండి అంటే నొక్కాడు. ఇప్పుడు ఎవడైనా సరే, ఫోన్లో నాలుగు ముక్కలు కొడితే చాలు, మైకు శౌరయ్య పలుకుతాడు. పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కంటిపాపలాగా చూసుకున్న గొంతు ఊరందరి చేతుల్లో బొమ్మయింది.

అదీ సహించాడు. సహించలేనిది లాజరు చావు.

చల్లపల్లి అవతల కాలవగట్టు మీద సొంతూరు శౌరయ్యది. పంక్చరు లాజరు ఆ ఊళ్ళో సైకిళ్ళకి ప్యాచీలు వేసేవాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద చదివి, ఒకే బడి ఎగ్గొట్టినవాళ్ళు. నిజానికి అతని పేరు తాళ్ళూరి జోజిబాబు. చిన్నప్పుడు జ్వరంతో పోయాడనుకుని గుడ్డ కప్పాక మూలిగి లేచాడట, అందుకని వాళ్ళమ్మ, బైబిల్లో చచ్చి లేచినవాడి పేరు పెట్టి, లాజరని పిలిచింది, ఊరూ అలాగే పిలిచింది. మొన్నామధ్య లాజరు నిజంగానే పోయాడు. కొడుకు బెన్నీ ఏడుపులో ఉండి, ఊళ్ళో సౌండు సిస్టం అద్దెకిచ్చే పాల్ వివరాలు అడిగితే, ఆధార్ కార్డు చేతిలో పెట్టాడు. పాల్ ఆ పేరే ఫోన్లో కొట్టాడు. ఆ పూట శౌరయ్య చల్లపల్లి సెంటర్లో టీ తాగుతున్నాడు. పాల్ ఆటో ఎదురుగా పోయింది. “తాళ్ళూరి జోజిబాబు గారు ప్రభువునందు నిద్రించారని తెలియజేయుటకు చింతిస్తున్నాము,” అని తన గొంతే చెప్పింది. “దొంగవెధవలు, చావుక్కూడా తగులుకున్నారు,” అని తిట్టుకున్నాడు. “ఎవరో జోజిబాబట, పాపం,” అని టీ కొట్టువాడితో అని, ఇంకో టీ చెప్పాడు. చిన్నప్పుడెప్పుడో బడి పట్టీలో ఉన్న పేరు ఎవరికి గుర్తుంటుంది? ఊళ్ళోనే సగం మందికి తెలియలేదు. మట్టి వెయ్యడానికి వచ్చినవాళ్ళు ఇంటివాళ్ళూ, ఇరుగుపొరుగూ, అంతే. శౌరయ్యకి తెలిసేసరికి గోరీ మీద పూలు వాడిపోయాయి.

అందుకే ఇవాళ మైకు కట్టుకుని బేరానికి పోలేదు. బెంజ్ సర్కిల్‌లో లక్ష్మీకాంత్ ఆఫీసుకి పోయాడు.

అద్దాల మేడ కింద సెక్యూరిటీ అతను ఆటో ఆపనివ్వలేదు. ఎక్కడో అవతల పెట్టి, ఎండలో నడిచొచ్చి, లిఫ్టెక్కి, చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళాడు. లక్ష్మీకాంత్ చేతులు చాచి ఎదురొచ్చాడు.

“శౌరయ్య గారూ! రండి సార్, రండి. కాఫీ?”

“కాఫీ వద్దండి. నా గొంతు నాకిచ్చెయ్యండి.”

“అదేంటి సార్, మీ గొంతు మీ దగ్గరే ఉందిగా, మాట్లాడుతున్నారుగా!”

“నాది నా దగ్గరుంటే, ఆ పరుపుల బండోడి దగ్గరున్నది ఎవరిదండీ?”

“అది మోడల్ సార్. వాయిస్ మీదే. మోడల్ మాది. మీరు యాక్సెప్ట్ కూడా నొక్కారు.”

శౌరయ్యకి ఒళ్ళు మండిపోయింది. “మా ఇంటి తాళంచెవికి అచ్చు తీసుకుని, ‘ఇల్లు మీదే, చెవి మాది’ అన్నట్టుందండీ మీ యవ్వారం. నొక్కమంటే నొక్కాను. అందులో ఇంగ్లీషులో ఏం రాసుందో మీరు చదివి చెప్పారా?”

“ఎవరూ చదవరు సార్, నిజం చెప్పాలంటే నేనూ చదవలేదు.” ఎంత హాయిగా అన్నాడో!

శౌరయ్య లాజరు సంగతి చెప్పాడు. లక్ష్మీకాంత్ తల వంచుకుని విన్నాడు, వినలేదని అనడానికి లేదు. “అయ్యో, సారీ సార్. కానీ అది పేరు కొట్టినవాళ్ళ పొరపాటు. మా సిస్టమ్ కరెక్టుగానే చదివిందిగా.”

“కరెక్టుగా చదివితే మనిషి పోయినట్టు నాకు తెలియలేదేంటండీ? తీసెయ్యండి. మీరిచ్చిన డబ్బు తిరిగిచ్చేస్తా.”

“మా చేతుల్లో లేదు సార్. బెంగుళూరు వాళ్ళు చూస్తారు. యాప్‌లో రిక్వెస్ట్ పెట్టండి.”

“ఎవరండీ ఆ బెంగుళూరు వాళ్ళు? ఓ పేరు చెప్పండి, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా.”

“పేరంటూ ఉండదు సార్. టీమ్.”

అప్పుడు అరిచాడు శౌరయ్య. మైకు లేకుండానే ఆ అంతస్తంతా లేచి నిలబడేలా అరిచాడు. “నా గొంతుతో పరుపులమ్ముకోండి, చెప్పులమ్ముకోండి, మట్టిగొట్టుకుపోండి! చావు కబురు చెప్పడానికి మీరెవర్రా? ఆ గుమ్మం తొక్కారా? ఆ ముఖం చూశారా? పేరు లేనివాళ్ళకి నా పేరెందుకురా, నా నోరెందుకురా!” మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అద్దాల అవతల కంప్యూటర్ల ముందు కూచున్నవాళ్ళు చెవుల్లోవి తీసేసి చూశారు. ఎవరూ నవ్వలేదు.

అందులోంచి భానుశ్రీ అనే అమ్మాయి లేచి మెల్లగా దగ్గరకొచ్చింది. మంచినీళ్ళ సీసా అందించింది. మంచిపిల్లే. కూతురి వయసుంటుంది.

“సార్, ఏమనుకోకండి. మీ మోడల్‌లో కోపం చాలా వీక్‌గా ఉందండి. మేం ఎంత ట్రై చేసినా రావట్లేదు. ఇప్పుడన్నారే, అదే లోపలికొచ్చి ఇంకొక్కసారి అంటారా? పేమెంట్ ఇప్పిస్తాం.”

శౌరయ్య నోరు మూసుకున్నాడు. ఆ పిల్ల వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు, బల్ల మీద బోర్లించి ఉన్న ఫోన్ల వంక చూశాడు. ఇందులో ఏది వింటోందో ఎవడికి తెలుసు? బతుకంతా నోరు తెరిచి బతికినవాడికి నోరు తెరవాలంటే మొదటిసారి భయమేసింది. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశారు కదా, తిట్టినా వాళ్ళ ఖాతాలోకే పోతుంది కదా! లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్లు దిగిపోయాడు. దిగుతుంటే రొమ్ములో ఎడమవైపు పట్టేసింది. ఎండ దెబ్బ అనుకున్నాడు.

ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆటో చల్లపల్లి దారి పట్టించాడు. దారిలో ఎవరో చెయ్యెత్తి “ఏం శౌరయ్యా, ఎటూ?” అంటే తలూపి పోయాడు. లాజరు పోయాక అమలమ్మకి ముఖం చూపించలేదు ఇంతవరకూ.

అమలమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. సన్నటి మనిషి, ఈ కొద్దిరోజుల్లో ఇంకా సగమైంది. చాట పక్కన పెట్టి, అరుగు మీద కుర్చీ వేసింది.

“కూచో అన్నయ్యా. ఇప్పటికి తీరిందా?”

అతను కూచుని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“ఆ రోజు నీ మైకు వినపడంగానే అన్నయ్యొచ్చేశాడనుకున్నా,” అంది అమలమ్మ. “ఈ ఏడుపుల్లో ఎవరూ చూసుకోరని, నేనే చెంబుతో నీళ్ళు తెచ్చుకుని గుమ్మంలో కూచున్నా. నువ్వు తాగిందాకా చెప్పవుగా. బండి ఆగకుండా పోయింది. మా మీద ఏం కోపమొచ్చిందో అనుకున్నా.”

శౌరయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “అది ఫోన్లోకి ఎత్తుకున్న నా గొంతు, నేను కాదు. నేను టీ తాగుతున్నా అమలా. నా గొంతు వాడి చావు చెబుతుంటే, ఎవడో అనుకుని టీ తాగుతా కూచున్నా.”

పెద్దమనిషి అలా వెక్కివెక్కి ఏడుస్తుంటే అమలమ్మ ఆపలేదు. ఏడవనిచ్చింది. లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసునిండా మజ్జిగ తెచ్చింది, ఉప్పేసి, నిమ్మాకు నలిపి. అతను సగం తాగి, అరుగు మీద పెట్టి, పక్కనున్న సాసరు దాని మీద మూత వేశాడు. “కాసేపాగి తాగుతా,” అన్నాడు. గోడకి తల ఆనించి, “ఎవరితో మాట్లాడాలన్నా భయంగా ఉందమ్మా,” అన్నాడు. అదే ఆఖరి మాట. ఆవిడ కోళ్ళని గూట్లోకి తోలి వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని దుప్పటి తెచ్చి కప్పబోయింది. చెయ్యి తగిలింది, చల్లగా ఉంది.

సిసీలమ్మా, కూతురూ తెల్లవారకముందే వచ్చారు. సొంతూరి సమాధుల దొడ్డిలోనే పెట్టాలన్నారు. ఈసారి పేరు ఎవరూ తప్పు చెప్పలేదు. పాల్ అడిగి మరీ, ‘మైకు శౌరయ్య’ అని ఫోన్లో కొట్టుకున్నాడు. పొద్దు పొడిచేసరికి ఆటో వీధిన పడింది.

“మన మైకు శౌరయ్య గారు నిన్న సాయంత్రం ప్రభువునందు నిద్రించారని తెలియజేయుటకు చింతిస్తున్నాము.” శౌరయ్య గొంతే. విరుపు విరుపూ అదే.

గేదెల పాలు పితికేవాళ్ళు తలెత్తి నవ్వారు. “వీడికేం పోయేకాలం! తన చావు తనే చాటుకుంటున్నాడు,” అన్నారు. ఇంకొకడు “ఏ ఇన్సూరెన్సు కంపెనీ ప్రకటనో అయ్యుంటుంది, చివర్లో ఫోన్ నంబరు చెప్తాడు చూడు,” అన్నాడు. చెప్పలేదు గానీ, ఎవరూ లేచి రాలేదు. వాడి గొంతు వినబడుతుంటే వాడు పోయాడని ఎలా నమ్ముతారు?

అమలమ్మ నడిరోడ్డు మీదకొచ్చి ఆటోకి అడ్డం నిలబడింది. “ఆపరా!”

పాల్ ఆపాడు. “ఏం చేసేది పిన్నీ? అందరూ ఈ గొంతే పెట్టమంటారు.”

“నీకు నోరు లేదురా? అన్నం దేంతో తింటున్నావ్?”

అని, కొంగు నడుముకి బిగించి, తనే నడిచింది. గొంతా, పాడా! పీలగా, వణుకుతూ, మధ్యమధ్య దగ్గుతూ, ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి చెప్పింది. “మైకు శౌరయ్య పోయాడయ్యా. మా అరుగు మీదే పోయాడు. నిజంగా పోయాడు. రండి.” ఆ గొంతుకి జనం చేతుల్లో పనులు వదిలేశారు. చెంబులు కింద పెట్టి, చెప్పులు వేసుకోకుండానే బయటికొచ్చారు. కాసేపటికి వెనక వీధిలోంచి పాల్ కూడా వినబడ్డాడు, బూరలు ఆపేసి, బొంగురు గొంతేసుకుని, సిగ్గుపడుతూ.

అందరూ సమాధుల దొడ్డికి వెళ్ళిపోయారు. అమలమ్మ అరుగు మీద, సాసరు మూత వేసిన గ్లాసులో సగం మజ్జిగ అలాగే ఉంది.