షాఫ్టు చుట్టూ ఇనప పట్టీ

రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం చాలదా ఏం, తేలిగ్గా వంగింది, అద్దంలా మెరుస్తోంది కూడా, అనుకుంటూ సీట్లు ఇంకా బిగించని కారులో మోకాళ్ల మీద కూర్చున్నాడు రవీంద్రనాథ్, డబ్బాల్లో విడిభాగాలుగా వచ్చిన కారు, పరాయి దేశపు ఊరు ఎర్లాంగెన్‌లో అద్దెకు తీసుకున్న ఈ గ్యారేజీలో మూడేళ్ల శనివారాలు తిన్న కారు, ఇక మిగిలింది ఈ పట్టీయే, ఇంజిన్ నుంచి సీట్ల మధ్యగా వెనక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు ఎప్పుడైనా జాయింటు దగ్గర విరిగితే రోడ్డులో దిగబడకుండా, పక్కనున్న మనిషి తుంటి మీదికి లేవకుండా ఆపే పట్టీ, బిగించేశాడు, పదిహేను రోజుల్లో తనిఖీకి టెర్మిన్, అపాయింట్‌మెంటు, అంతా అయిపోయిందనుకుంటుండగా కూతురు ఈషా వచ్చి, దాన్ని వేలితో ఒక్కసారి నొక్కి, దస్ హెల్ట్ నిష్ట్ నానా, ఇది ఆగదు అంది.

చురుక్కుమంది, ఇరవయ్యేళ్ల పిల్ల, రెండేళ్ల కిందట యూనివర్సిటీకి దారితీసే గిమ్నాజియుం బడి వదిలేసి కార్ల వర్క్‌షాపులో ఆస్‌బిల్డుంగ్‌కి చేరి పని నేర్చుకుంటానన్న పిల్ల, అప్పుడు మూడు రోజులు దానితో మాట్లాడలేదు తను, కార్ల పిచ్చి నీకుంటే ముచ్చట, దానికుంటే తప్పా అని భార్య ఉదయశ్రీ నిలదీసినా, ఖమ్మంలో ఉన్న భానుమతక్కకు మాత్రం ఫోన్లో ఇంజినీరింగ్ అనేశాడు, అన్నాక ఆ మాటే నిలబడిపోయింది, ఇప్పుడేమో ఎందుకాగదు అన్నాడు బింకంగా, షాఫ్టు ఇరిగినంక కూడా తిరుగుకుంటనే కొడ్తది నానా, ఇది కాయితం లెక్క చిరుగుతది, అటుపక్క అమ్మ కూసుంటది గదా అంది, తన నోటి నుంచే నేర్చిన తెలుగు, యాసతో సహా.

అమ్మ కూసుంటది గదా, ఆ మాట ముందు ఇంకేం వాదిస్తాడు, రెండు రోజులు మెరుగుపెట్టిన పట్టీని తనే ఊడదీశాడు, ఈషా సంచిలోంచి అయిదు మిల్లీమీటర్ల ఇనప పట్టీ తీసింది, నిన్న పని అయ్యాక వర్క్‌షాపులో వంచిందట, కొలతలెప్పుడు తీసిందో, పోయిన వారం టేపు పట్టుకుని ఊరికే తచ్చాడుతోందనుకున్నాడు, కూతురు కారు కిందికి దూరింది, పైనుంచి బోల్టు తల పానాతో పట్టుకున్నాడు తను, కారు నేలలోని కంతలోంచి గ్రీజు నల్లబడిన బొటనవేలు ఒక్కటే కనిపిస్తోంది, ఇక్కడి మొదటి చలికాలం కిటా అనే పసిపిల్లల బడి గుమ్మం ముందు గ్లౌజులోకి ఎక్కనని మొరాయించిన బొటనవేలు, గట్టిగ పట్టుకో నానా, తిరుగుతుంది, పట్టుకున్నా లేవే, అంతలో ఫోను మోగింది, అక్క, భుజానికీ చెవికీ మధ్య ఇరికించాడు, ఏం జేస్తున్నవ్ రా, పిల్ల కాలేజీ ఎట్లుంది, బాగుంది అనబోయి కంతలోని బొటనవేలు చూశాడు, కాలేజీ కాదక్కా, కార్ల మెకానిక్ పని నేర్చుకుంటుంది, రెండేండ్లయింది, నేనే నీకు అబద్ధం చెప్పిన, ఇప్పుడు నా కారు కిందనే ఉంది.

కింద రెంచి ఆగింది, ఫోను దాటి కారు కిందికి కూడా వినిపించేంత గట్టిగా అక్క, మా స్కూటీ ఆర్నెల్ల సంది పొద్దుగాల స్టార్టయితలేదు, ఎందుకో అడగరాదు రా అంది, ప్లగ్ చూడమను అత్తా అని కారు కిందినుంచి నవ్వు వినిపించింది, రెంచి మళ్లీ తిరిగింది, టక్కుమని ఆగింది, అయింది నానా, చేయి పెట్టి చూసుకో, అలవాటుగా చెయ్యి చాచాడు, ఏ శనివారమైనా తను బిగించిన ప్రతి బోల్టూ మళ్లీ తడిమి చూసుకోనిదే ఇంటికి పోని మనిషి, చెయ్యి సగంలోనే వెనక్కి తీసుకున్నాడు, ఈ కారు మొత్తంలో తను రెండోసారి చూసుకోనక్కర్లేని బోల్టు ఇదొక్కటే.