జంతికల డబ్బాలో ఆరో భాగం

శుక్రవారం ఉదయం పదిన్నరకి కాలిన్ ఆరో డబ్బా మూత తీశాడు. లోపల జంతికలున్నాయి.

వాటి కోసం కాదు ఆయన లండన్ నుంచి వచ్చింది.

అది బహ్రెయిన్‌లో, అవాలీ అనే ఊళ్లో ఓ పాత బంగళా వంటిల్లు. కాలిన్ చేతులకి తెల్లటి నూలు గ్లవ్స్ ఉన్నాయి. ఆ గ్లవ్స్‌తోనే ఓ జంతికని తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఫిల్మ్ పాడైతే ముక్కిపోతుందని తెలుసు, అంటుకుపోతుందని తెలుసు. ఇలా మారుతుందని మాత్రం నేనెక్కడా చదవలేదు" అన్నాడు.

"అవి నేను వండినవి సార్" అంది సూర్యావతి.

సూర్యావతిది నరసాపురం దగ్గర పల్లె. బహ్రెయిన్ వచ్చి పందొమ్మిదేళ్లు. అందులో పదకొండేళ్లు ఈ ఇంట్లోనే, ఎడ్నా మేడమ్ దగ్గర పని చేస్తోంది. మేడమ్‌కి ఎనభై ఒకటి. ఆవిడ భర్త రోజర్ చమురు కంపెనీ ఇంజనీరు. సాయంత్రాలు మాత్రం అవాలీ క్లబ్బులో సినిమాలు ఆడించేవాడు. అప్పట్లో బ్రిటన్ నుంచి గల్ఫ్‌కి సినిమాలూ టీవీ సీరియళ్లూ డబ్బాల్లో వచ్చేవి. ఆడటం అయిపోయాక పారేయమనేవారు. రోజర్‌కి పారేయడం చేతకాలేదు. ఒక్కొక్కటే ఇంటికి మోసుకొచ్చాడు. ఆయన పోయాక మేడమ్ వాటిని మూడు ఫ్రిజ్‌లలో దాచింది. ఈ ఎడారి వేడికి ఒక్క వేసవి బయట ఉంటే చాలు, ఫిల్మ్ పనికి రాకుండా పోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ ఫ్రిజ్‌ల చల్లదనం చూసి పుస్తకంలో రాయడం సూర్యావతి డ్యూటీ.

ఆ డబ్బాలన్నింటిలోకీ విలువైనది ‘మార్ల్‌పూల్ లైట్‌హౌస్’. ఆరు భాగాల నలుపు తెలుపు సీరియల్. అరవై ఏళ్ల నాటిది. బ్రిటన్‌లో దాని టేపులు చెరిపేసి, వాటి మీద వేరే కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారు. ఇప్పుడు ప్రపంచం మొత్తానికి మిగిలింది అవాలీలో ఉన్న ఈ ఒక్క కాపీ. పాత సినిమాలు కాపాడే సంస్థ తరఫున కాలిన్ దాన్ని తీసుకెళ్లడానికే వచ్చాడు. రాత్రి ఎనిమిదింటికి ఆయన విమానం.

ఇచ్చేసే ముందు మేడమ్ ఒక్కటే కోరుకుంది. ఒక్కసారి అందరితో కలిసి చూడాలని. అందుకే ఐదు వారాలుగా శుక్రవారం మధ్యాహ్నాలు హాల్లో తెల్ల దుప్పటి కట్టి, వారానికో భాగం వేస్తోంది. చూడటానికి తెలుగు కూలీలుండే క్యాంపు నుంచి బాలన్న, పరమేశ్‌తో కలిపి అతని మనుషులు ఏడుగురు వచ్చేవారు. వాళ్లకి ఇంగ్లీషు రాదు. ప్రొజెక్టర్ పక్కన నిలబడి సూర్యావతే వెంటవెంటనే తెలుగులో చెప్పేది. లైట్‌హౌస్ కాపలాదారు ముసలి జెత్రో శవమై తేలాడని చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. చూసేవాళ్లూ ఏడ్చారు. చంపిందెవరో ఆరో భాగంలో తేలాలి.

ఆ ఆరో భాగం ఇప్పుడు లేదు.

"డబ్బా ఎలా మారింది?" అడిగింది మేడమ్. గొంతులో కోపం లేదు. సూర్యావతికి అందుకే ఇంకా భయమేసింది.

కళ్లు మూసుకుంటే పోయిన శుక్రవారం మొత్తం కనబడింది. ఖాళీ ఫిల్మ్ డబ్బాలు మేడమ్ ఆమెకే ఇచ్చేస్తుంది. గాలి చొరబడదు, జంతికలు నెల రోజులైనా మెత్తబడవు. కిందటేడు అలాంటి ఓ డబ్బా నిండా జంతికలు పోసి, సెలవు మీద వెళ్తున్న బాలన్నకి ఇచ్చింది. జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్న అతని తల్లి గౌరవ్వ డబ్బా ఖాళీగా పంపుతుందా? సకినాలు నింపి పంపింది. మరి సూర్యావతి ఖాళీగా ఎలా ఉంచుకుంటుంది? మళ్లీ జంతికలు వండింది. రెండుసార్లు సముద్రం దాటిన డబ్బా మూడోసారి బయలుదేరడానికి వంటింటి బల్ల మీద సిద్ధంగా ఉంది. అదే రోజు ఐదో భాగం అవగానే అందరూ గోల పెడితే, మేడమ్ ఆరోది కూడా వేద్దామని ఫ్రిజ్‌లోంచి తీసి అదే బల్ల మీద పెట్టింది. తర్వాత నీరసం వచ్చి, వచ్చే వారం చూద్దామంది. రెండు డబ్బాలూ ఒకే సైజు. ఫిల్మ్ డబ్బా మీది పేరు కాగితం ఎప్పుడో ఊడిపోయింది. బరువు కూడా ఇంచుమించు అంతే. సూర్యావతి ఒకదానికి గట్టిగా టేపు చుట్టి బాలన్నకిచ్చింది. రెండోది ఫ్రిజ్‌లో పెట్టింది.

ఫోన్ తీసింది. బాలన్న మీనా సల్మాన్‌లో ఓడరేవు గోదాములో పని చేస్తాడు. శుక్రవారం కూడా సగం పూట ఓవర్‌టైం.

"బాలన్నా! మీ అమ్మకని ఇచ్చానే, ఆ డబ్బా తెరిచావా?"

"నేనెందుకు తెరుస్తనక్కా? అమ్మకు పంపుమంటివి గద."

"ఇప్పుడెక్కడుంది?"

"మా ఊరి పరమేశ్ ఇయ్యాల ఇంటికి పోతుండు. ఆని బ్యాగుల పెట్టిన. ఒంటిగంటకు ఫ్లైటు. పొద్దుగాల్నే ఎల్లిపోయిండు."

"అయ్యబాబోయ్! అందులో జంతికలు లేవయ్యా. ఆరో భాగం ఉంది!"

ఫోన్‌లో వెనక ఎవరో ఇనుప సామాన్ దించుతున్న మోత.

"లైట్‌హౌసా?"

"ఆ!"

"అంటే... హంతకుడు జగిత్యాల పోతుండా?"

"నువ్వు ముందు ఎయిర్‌పోర్టుకి పరిగెత్తు బాలన్నా!"

కాలిన్ అప్పటికే కారు తాళాలు తీశాడు. సూర్యావతి జంతికల డబ్బా చంకన పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు. గుమ్మం దగ్గర మేడమ్ చేతికర్ర ఎత్తి, "నా బీపీ సంగతి నేను చూసుకుంటాను. యల్లా, పదండి!" అని అరిచింది.

దారి పొడుగునా సూర్యావతి పరమేశ్‌కి ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది. ఎత్తడం లేదు. రిఫా ఊరు దాటారు. పదకొండుం పావు. విమానం ఎక్కేసిందంటే ఆ డబ్బా హైదరాబాదులో దిగి, బస్సు టాపు మీద ఎండకి మాడుతూ ఊరు చేరుతుంది. గౌరవ్వ మూత తీస్తుంది. నల్లటి రిబ్బను చూసి విసుక్కుని పెరట్లో పారేస్తుంది. అరవై ఏళ్లు బతికిన కథకి ముగింపు అక్కడ, కోళ్ల మధ్య.

"మీరు ఊపిరి పీల్చుకోవాలి" అన్నాడు కాలిన్.

"మీరు ఆ లారీని దాటాలి సార్" అంది సూర్యావతి.

ఎయిర్‌పోర్టు వంతెన ఎక్కుతుండగా ఫోన్ మోగింది. పరమేశ్.

"అక్కా, నన్ను ఆఫీసుల కూసోబెట్టిన్రు. బ్యాగు స్క్రీనింగుల ఆపిన్రు. డబ్బాల ఏముందంటే జంతికలన్న. తెరిస్తే నల్ల పట్టీ ఎల్లింది. నువ్వు ఏం వండినవక్కా?"

చెకిన్ కౌంటర్ల పక్కనే చిన్న గది. పరమేశ్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్ల తాపీ మేస్త్రీ, కొత్త చొక్కా, ముఖం నిండా చెమట. బాలన్న గోదాము యూనిఫారంలోనే ముందుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల వెనక మర్యమ్ అనే మహిళా అధికారి. ఆవిడ ముందు తెరిచిన డబ్బా, అందులో చుట్ట చుట్టుకున్న ఆరో భాగం. సూర్యావతికి దాన్ని ఎత్తి గుండెకి హత్తుకోవాలనిపించింది.

కాలిన్ తన కాగితాలు చూపించాడు. మర్యమ్ ఓపిగ్గా చదివింది.

"ఇందులో లైట్‌హౌస్ గురించి ఉంది. ఈ డబ్బా మీద ఏమీ లేదు. ఇతను తినేవి అన్నాడు. మీరు సీరియల్ అంటున్నారు. లోపల ఏం చిత్రీకరించారో తెలియకుండా నేను ఎవరికీ ఇవ్వలేను. ఇవాళా రేపూ సెలవు, ఆదివారం సంబంధిత ఆఫీసు వాళ్లు చూస్తారు. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది. ఇతని ప్రయాణం కూడా ఆగాలి."

"నా బిడ్డ పుట్టినరోజు రేపు" అన్నాడు పరమేశ్ సన్నగా.

"ఇందులో ఏముందో మీలో ఎవరైనా చెప్పగలరా?" అంది మర్యమ్. "నేను కొంచెం విప్పి చూస్తాను. సరిపోతే సరే."

కాలిన్ తల అడ్డంగా ఊపాడు. చూసి గుర్తుంచుకున్నవాళ్లు బ్రిటన్‌లోనే లేరు. మేడమ్‌కి ఫోన్ చేశారు. "చివర్లో ఎవరు చంపారో గుర్తుంది. మొదట్లో ఏముందో గుర్తులేదు. చివరిది చెప్పనా?" అందావిడ. చివరిది చూడాలంటే మొత్తం విప్పాలి. విప్పితే బల్ల మీదే ముక్కలవుతుందన్నాడు కాలిన్.

గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది.

సూర్యావతి ఐదు శుక్రవారాలూ నిలబడి చెప్పిన మనిషి. కూర్చుని చూసినవాళ్లకి కథ గుర్తుంటుంది. చెప్పినవాళ్లకి వరస గుర్తుంటుంది. రెండో భాగం మొదలైనప్పుడు, మొదటి భాగం చివర చెప్పిన మాటలే ఆమె మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మూడోది అలాగే, నాలుగోది అలాగే. "ఇది పోయిన వారమే చెప్పినవ్ గదక్కా" అని అప్పట్లో బాలన్న విసుక్కున్నాడు కూడా.

"నేను చెబుతాను మేడమ్" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను ఈ భాగం చూడలేదు. కానీ ముందుటి భాగం ఎక్కడ ఆగిందో అక్కడే ఇది మొదలవుతుంది. పేరు పడుతుంది. తర్వాత గుండ్రంగా తిరిగే మెట్లు. పైనుంచి ఓ చెయ్యి, కమ్మీ పట్టుకుని దిగుతుంది. మనిషి కనబడడు. ఎడమ చెయ్యి. దానికి ఉంగరం వేలు ఉండదు."

కాలిన్ గ్లవ్స్ తొడుక్కుని, చుట్ట అంచు పట్టుకుని మెల్లగా రెండు మూరలు విప్పాడు. మొదట ఉత్త తెలుపు. బాలన్న తన ఫోన్ లైటు వెనక నుంచి పట్టాడు. మర్యమ్ తన ఫోన్ కెమెరాని దగ్గరగా పెట్టి, బొమ్మ పెద్దది చేసింది. ఒకదాని కింద ఒకటి గోరంత చిత్రాలు. అక్షరాలు కనబడ్డాయి. ఇంకో జానెడు. మెట్లు.

ఇంకో జానెడు.

మర్యమ్ తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. బొటనవేలు. చూపుడు. మధ్య వేలు. ఆపైన ఖాళీ. చిటికెన వేలు.

ఆవిడ తలెత్తి సూర్యావతిని చూసింది. "తర్వాత ఏమవుతుంది?"

"అది తెలియకే కదండీ ఐదు వారాల్నుంచీ చస్తున్నాం!"

మర్యమ్ నవ్వింది. కాగితం మీద సంతకం పెట్టి డబ్బా కాలిన్ వైపు జరిపింది. పరమేశ్‌ని వెళ్లమంది. సూర్యావతి చంకలో ఉన్న రెండో డబ్బా వాడి చేతిలో పెట్టబోయింది. మర్యమ్ చెయ్యి అడ్డుపెట్టి, మూత తీయించి, ఒకటి కొరికి చూసింది.

"ఇవి నిజంగానే తినేవి" అంది. ఇంకోటి తీసుకుంది.

పరమేశ్ పరిగెత్తుతూనే వెనక్కి తిరిగి అరిచాడు. "అక్కా! ఎవడో తెలుస్తే నాకు ఫోన్ చెయ్యి!"

మధ్యాహ్నం రెండున్నరకి అవాలీలో దుప్పటి కట్టి ఉంది. మిగతా ఆరుగురూ చాప మీద కూర్చున్నారు. కాలిన్ ఆరో భాగాన్ని బల్ల మీద పెట్టి భూతద్దంతో పది నిమిషాలు చూశాడు.

"వారం రోజులు వేడిలో ఉంది. అంచులు వంకర తిరిగాయి" అన్నాడు. "లండన్‌లో తడిపి సాగదీసి, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే నిలుస్తుంది. ఈ ప్రొజెక్టర్‌లో వేస్తే ఒకసారి ఆడొచ్చు. మధ్యలో చిరిగినా చిరగొచ్చు."

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "ఎవరూ చూడని సినిమాని దాచి ఏం లాభమని రోజర్ అనేవాడు. పోగొట్టినదీ తెచ్చినదీ సూర్యావతి. తనే చెప్పాలి."

ఏడు జతల కళ్లు. బాలన్న చేతులు జోడించాడు. "ఎయ్యక్కా. ఓవర్‌టైం పైసలు ఇడిసిపెట్టి ఉరికిన."

సూర్యావతికి ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోవాలని ప్రాణం పీకేస్తోంది. స్విచ్ రెండడుగుల దూరంలో ఉంది.

"వద్దు" అంది. "దాన్ని వారం రోజులు క్యాంపులో మంచం కింద వేడిలో పడేలా చేసింది నేను. అది చిరిగిపోతే మనం ఈ కొద్దిమందిమే చూసినట్టు, ఇంకెవరూ చూడనట్టు. సార్, తీసుకెళ్లండి. కానీ బాగు చేయగానే మొదటి కాపీ మాకే పంపాలి. మాట ఇవ్వండి."

కాలిన్ గ్లవ్స్ తీసి చెయ్యి కలిపాడు. చాప మీద నుంచి మూలుగులు లేచాయి. ఊరుకోబెట్టడానికి మేడమ్ ఓ పాత కామెడీ వేసింది. లావాటి మేయరు గుర్రపుశాలలో చిక్కుకునే కథ. ఎవరికీ తెలుగు చెప్పాల్సిన పని పడలేదు.

తర్వాతి మూడు నెలలూ మేడమ్‌కి మనశ్శాంతి లేదు. చివర తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. సూర్యావతి టీ ఇస్తూ అడిగేది, మాత్రలిస్తూ అడిగేది. బాలన్న ఫోన్ చేసి "గుడ్ మార్నింగ్ మేడమ్, హూ?" అనేవాడు. ఆవిడ పెదవి విప్పలేదు.

జూన్‌లో కాపీ వచ్చింది. శుక్రవారం హాల్లో పెద్ద టీవీ పెట్టారు. ఇంకా సెలవులో ఊళ్లోనే ఉన్న పరమేశ్‌ని వీడియో కాల్‌లో పెట్టి, ఫోన్‌ని పూలకుండీకి ఆనించారు. వాడి పక్కన గౌరవ్వ కూడా కూర్చుంది. బొమ్మ ఎంత శుభ్రంగా ఉందంటే మెట్ల మీది ఉప్పు మరకలు కూడా కనబడుతున్నాయి. సూర్యావతి మామూలు చోట నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. చెయ్యి దిగింది. భుజం దిగింది. దీపం వెలుగు ముఖం మీద పడింది.

సూర్యావతి తెలుగు చెప్పడం ఆపేసింది.

జెత్రో. చచ్చిపోయాడనుకున్న జెత్రో. మొదటి భాగం నుంచీ ఎడమ చెయ్యి కోటు జేబులోంచి తీయని జెత్రో. ఇంకెవరినో చంపి, తన కోటు తొడిగి సముద్రంలో తోసిన జెత్రో.

"ఒరేయ్ దొంగ సచ్చినోడా!" అంది సూర్యావతి టీవీ వైపు వేలు చూపించి. "నీ కోసమా నేను ఏడ్చింది? రెండు వారాలు అన్నం సయించలేదు కదరా నాకు! ఆ ముసలి మొహం వేసుకుని..."

టీవీలో జెత్రో ఏదో చెబుతున్నాడు. ఎవరికీ అర్థం కావడం లేదు. మేడమ్ నవ్వి నవ్వి దగ్గుతోంది. ఫోన్‌లోంచి గౌరవ్వ కూడా తిట్లు అందుకుంది.

"అక్కా, తిట్టుడు తర్వాత!" బాలన్న చాప మీద నుంచి లేచి అరిచాడు. "ఎందుకు సంపిండో చెప్తుండు ఆడు! ముందు గది చెప్పు!"