బావగారు దిద్దిన ప్రతిపాదన

మైదానంలో అందరూ ఆమెను విజిలక్క అనేవారు. పదకొండేళ్లుగా ఆడపిల్లలకు పరుగు నేర్పుతోంది. సెలవుల తర్వాత తిరిగొచ్చిన పిల్లలకు తొడ వెనక కండరం పట్టేయడం ఏటా ఉండేదే. అయితే అది మొదటి వారంలో కాదు, మూడో వారంలో కాదు, సరిగ్గా రెండో వారంలోనే ఎందుకన్నది ఆమెకు అంతుపట్టలేదు. అదేదో తేల్చుకుందామని ముప్పై ఎనిమిదో ఏట క్రీడాశాస్త్రంలో పీజీకి దరఖాస్తు పెట్టుకుంది.

దరఖాస్తుతో పాటు రెండు పేజీల పరిశోధన ప్రతిపాదన అడిగారు. ఆమె వంటగది బల్ల దగ్గర కూర్చుని ఒక్క పూటలో రాసేసింది. అక్కడితో ఊరుకోక, సొంత అక్క ఇంటికి తీసుకెళ్లి బావగారికి చూపించింది.

బావగారు డాక్టరేటు. చేప పొలుసుల మీద. ఆ పొలుసుల పుణ్యమా అని ఇంట్లో కుళాయి కారినా, ఎవరికైనా జ్వరమొచ్చినా ఆయన మాటే వేదం.

"ఇదేంటి మరదలా, చదువుతుంటే అర్థమైపోతోంది!" అన్నారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి.

"అర్థం కాకూడదా బావా?"

"వాళ్లు చదువుకున్నవాళ్లమ్మా. ఇలా రాస్తే చిన్నబుచ్చుకుంటారు."

ఎర్ర పెన్ను తీశారు. 'పరుగు' కాస్తా 'చలన ప్రక్రియ' అయింది. 'నొప్పి'కి 'ప్రతికూల దైహిక సూచిక' అని బారసాల చేశారు. 'పిల్లలు' మాయమై 'లక్షిత ఉపసమూహం' వెలిసింది. 'రెండో వారం' అంటే మరీ నాటుగా ఉందని 'పునఃప్రవేశానంతర కాలావధి' చేశారు. ఇంత పాండిత్యం రెండు పేజీల్లో పట్టదు కనుక అక్షరాలను చీమ తలకాయంత చేశారు.

అక్క తొంగిచూసి, "పరుగెక్కడుందండీ ఇందులో?" అంది.

"అంతర్లీనంగా ఉంది," అన్నారు.

మూడు ఆదివారాలు కూర్చుని దిద్దిన మనిషిని కాదంటే, రేపు అక్క మొహం ఎలా చూడాలి? విజిలక్క ఆ దిద్దినదాన్నే పంపేసింది.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసరమ్మ కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకుంది.

"ఈ పునఃప్రవేశానంతర కాలావధి అంటే ఏమిటమ్మా?"

"రెండో వారం మేడమ్."

"అదే రాయొచ్చుగా?"

"మొదట అదే రాశానండీ."

ప్రొఫెసరమ్మ కాగితాన్ని బోర్లా పెట్టేసింది. "సరే, నోటితో చెప్పండి."

"మొదటి వారం భయంభయంగా పరిగెడతారండీ. రెండో వారానికి పాత వేగం బుర్రకు గుర్తొస్తుంది, కాలికి గుర్తుండదు. అక్కడే పట్టేస్తుందని నా అనుమానం. సగం మందికి ఆ వారం వేగం తగ్గిస్తాను, మిగతావాళ్లను ఎప్పటిలాగే పరిగెత్తిస్తాను. తేడా తెలిసిపోతుంది."

"నొప్పి వస్తుందని తెలిసీ ఆ మిగతావాళ్లను పరిగెత్తిస్తారా?"

ఆ పిల్లల మొహాలు ఒక్కొక్కటే విజిలక్క కళ్లముందు తిరిగాయి. బావగారి భాషలో ఉపసమూహం కనుక ఇన్నాళ్లూ ఎవరికీ నొప్పి పుట్టలేదు.

"లేదండీ. నేను పరిగెత్తించలేను," అంది.

"అయితే ఇంకో దారి ఆలోచించి శుక్రవారానికల్లా రాసుకురండి. మీరే రాయండి."

అందరికీ వేగం తగ్గించి, పాత నోటుపుస్తకాల్లో తను తేదీలతో సహా రాసుకున్న నూట నలభై మంది పిల్లల వివరాలతో పోల్చి చూస్తానని రాసింది. పేజీన్నర. సీటొచ్చింది.

కబురు తెలియగానే బావగారు చుట్టాలందరికీ వరసపెట్టి ఫోన్లు చేశారు. "మొత్తం నేను దిద్దిందే!"

అక్క ఆమెను పక్కకు పిలిచి, "నిజం చెప్పవే, ఆయన వల్లేనా?" అంది.

"ఆయన వల్లేనక్కా. అర్థం కాకపోబట్టే కదా, నోటితో చెప్పమన్నారు," అంది విజిలక్క. అక్క ఆ మాటను లోపలికి మోసుకెళ్లి, మొదటి సగం మాత్రమే ఆయనకు చెప్పింది.