కాటుక పాలు చేపని రోజు

ఆ పొద్దున సుబ్బులమ్మ గేదె కాటుక మళ్ళీ పాలు చేపలేదు.

ఆమె పొదుగు నిమిరింది. దూడను వదిలి మళ్ళీ కట్టింది. తవుడు కలిపిన తొట్టి ముందుకు తోసింది. ఎనుము తొట్టి వంకైనా చూడకుండా, వీధి వైపు చెవులు నిక్కబొడుచుకుని నిలబడింది. చెంబులో పడింది రెండే రెండు ధారలు.

"మూడు తూర్లు దిష్టి తీసినావు గదా," అన్నాడు సుబ్బులమ్మ మొగుడు మునిరామయ్య. "మూడిటికీ పోలేదంటే ఈ ఎనుము మనింటికి అచ్చిరాదు. మా నాయన కాలం నుంచీ అదే లెక్క. ఈని ఏడాదిన్నరయింది. ఎదకూ రాదు, సూలూ కట్టదు. పుత్తూరు సంతకు తోలుకపోతా."

"కోతకు కొనేవాళ్ళ చేతిలో పడితే? నాకూ పెండ్లయిన ఏడేండ్లకు గదా బిడ్డ పుట్టింది! నన్ను తోలినారా సంతకు?"

"నువ్వు తోలితే పొయ్యేదానివా మే?" అంటూనే మునిరామయ్య పలుపు విప్పేశాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఖాళీ కొట్టంలో కూర్చుంది. కాసేపటికి జీపు వచ్చి ఆగింది. దిగింది డాక్టరు సంతోషమ్మ. సొంతూరు గూడూరు, ఉద్యోగం తిరుపతిలో. ఎండాకాలంలో ఎనుములు ఎదకు ఎందుకు రావో కనుక్కోవడం ఆమె పని. పది రోజులుగా ఈ కొట్టంలోనే ముక్కాలిపీట వేసుకుని, కాటుక ఎన్నిసార్లు నెమరేసింది, ఎన్నిసార్లు తోక ఎత్తింది, అన్నీ పుస్తకంలో రాసుకునేది. "ఎనుము ఉచ్చ పోస్తే రాసుకునేదానికి ఇంత సదువు సదవల్నా!" అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"కాటుక ఏది పెద్దమ్మా?"

సుబ్బులమ్మ గోడ మీది క్యాలెండరు చూపించింది. "ఏం జెప్పేది డాక్టరమ్మా! పాలు బిగబట్టిన ప్రతిసారీ దిష్టి తీసి, ఆ తేదీకి బొట్టు పెట్టినా. మూడు బొట్లయినాయి. ఈ పొద్దున మళ్ళా బిగబట్టింది. ఆయన సంతకు తోలుకపోయినాడు."

సంతోషమ్మ క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. కుంకుమ బొట్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. మార్చి మూడు. మార్చి ఇరవై నాలుగు. ఏప్రిల్ పద్నాలుగు. ఈ రోజు మే అయిదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఇరవై ఒకటి... ఇరవై ఒకటి... ఇరవై ఒకటి! పెద్దమ్మా, ఇది దిష్టి కాదు, ఎద! ఆవైతే అరిచి ఊరంతా చెబుతుంది. ఈ ఎండల్లో ఎనుము నోరు విప్పదు, పాలు బిగబడుతుందంతే. నేను రాకముందే మీరు కనిపెట్టేశారు! ఎక్కండి జీపు!"

పుట్టి బుద్ధెరిగాక సుబ్బులమ్మ జీపు ఎక్కింది లేదు. ముందున్న కమ్మీ రెండు చేతులా పట్టుకుని, "బిన్నా పోనీమ్మా, బిన్నా! ఆలస్యమైతే అమ్మేస్తాడు!" అని దారిపొడుగునా అరుస్తూనే ఉంది.

సంతలో మునిరామయ్య చెయ్యి, దళారి కుప్పుస్వామి చెయ్యి అప్పటికే తువ్వాలు కింద ఉన్నాయి. వేళ్ళతో బేరం నడుస్తోంది. సుబ్బులమ్మ ఒక్క ఉరుకున పోయి తువ్వాలు లాగేసింది.

"ఏందక్కా ఇది! బేరం మీద చెయ్యి పెట్టినాక..."

"చెయ్యి తీసేయప్పా! నా ఎనుము ఎదకొచ్చిండాది!"

సంతంతా గొల్లున నవ్వింది. సంతోషమ్మ అవేమీ పట్టించుకోలేదు. కాటుక వెనక వంగి చూసి, "ఇటు రండి పెద్దాయనా!" అని కేకేసింది. మునిరామయ్య వంగి చూశాడు. తోక కింద గాజు తీగలా ఎద జిగురు వేలాడుతోంది. లేచి, కుప్పుస్వామి భుజం మీది నుంచి పలుపు తనే తీసుకున్నాడు.

"ఇప్పుడే ఏస్తావా తల్లీ సూలు సూది?"

"ఇప్పుడు తొందరపడకూడదు, సాయంత్రం వేస్తాను. మెల్లగా నడిపించండి, ఎండ తగలనీయొద్దు."

సుబ్బులమ్మ మళ్ళీ జీపు ఎక్కలేదు. తడిపిన గోనెపట్టా కాటుక వీపు మీద కప్పి, పక్కనే నడిచింది. పొద్దు వాలేవేళకు సంతోషమ్మ దున్నపోతు బీజం గడ్డకట్టించి దాచిన, చల్లని పొగలు కక్కే క్యాను దించి సూది వేసింది. ఆ పొగ చూడడానికి ఊరు ఊరంతా వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఇరవై ఒకటో రోజున కాటుక పాలు బిగబట్టకుండా చెంబు నిండా చేపింది. సుబ్బులమ్మకు ఆ రాత్రి సంతోషంతో అన్నం సయించలేదు. అయినా డాక్టరమ్మ చేత్తో చూసి చెప్పేదాకా ఆగాలి. జూలై నెలాఖరున సంతోషమ్మ భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి పెట్టింది. మొగుడూ పెళ్ళాం చెరోవైపు కాటుకను పట్టుకున్నారు.

"సూలు నిలిచింది పెద్దమ్మా! నిలిచింది!"

సుబ్బులమ్మ గబగబా లోపలికి పోయి ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టుకొచ్చింది.

"మళ్ళీ దిష్టేనా?" అంది సంతోషమ్మ.

"ఊరి కండ్లన్నీ దీని మీదనే ఉండాయి! ఇప్పుడు తీయకపోతే ఇంగెప్పుడు తీసేది? నువ్వూ ఆడ్నే నిలబడు. నీకూ తీయల్ల."

ఎనుముకీ డాక్టరుకీ కలిపి మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. మిరపఘాటుకు సంతోషమ్మ తుమ్ముతూనే, చేతిలో పుస్తకం తెరిచింది.

"ఇంకా ఎవరెవరి ఇళ్ళల్లో ఎనుములకు దిష్టి తీశారు పెద్దమ్మా? తేదీలు కావాలి. పదండి, ఇల్లిల్లూ తిరుగుదాం."

సుబ్బులమ్మ కొంగు దోపుకుని ముందు నడిచింది.